ఫాంటసీ క్యాంపెయిన్‌కి కథ ఎలా పుట్టించాలి? గేమ్ మాస్టర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో గేమ్ మాస్టర్ కథని నడుపుతారు, ప్లేయర్లు తలా ఒక క్యారెక్టర్‌గా ఆడతారు. ఒక్కసారి కూర్చుని ఆడితే సెషన్, చాలా సెషన్ల పాటు సాగే కథ క్యాంపెయిన్. ఈ ఆటలు కొత్తగా నడపడం మొదలుపెట్టినవాళ్లు రూల్స్ కంటే కథ గురించే ఎక్కువ అడుగుతారు. రూల్స్ పుస్తకంలో ఉంటాయి, కథ ఉండదు కదా. అడిగేవాళ్లు మారుతున్నా సందేహాలు మాత్రం అవే వస్తున్నాయి, అందుకే ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడికే వెళ్లండి. ఉదాహరణలు నచ్చితే ఎత్తుకెళ్లి మీ టేబుల్ దగ్గర వాడుకోండి.

## ఇంకా ఏమీ తట్టని దశ

ఖాళీ కాగితం ముందు కూర్చుంటే బుర్ర పనిచేయట్లేదు. దేనితో మొదలుపెట్టాలి?

ఒక మనిషితో. లోకం, దేవుళ్లు, వెయ్యేళ్ల చరిత్ర అన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఆ మనిషికి ఏదో గట్టిగా కావాలి. అది దక్కితే ఇంకెవరికో నష్టం. ఈ రెండూ దొరికాయంటే కథ కదులుతుంది.

ఉదాహరణకి, గని కూలిపోయి కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఉందనుకోండి. గని అడుగున నిద్రపోతున్నదాన్ని లేపితే కొడుకు తిరిగొస్తాడని ఎవరో చెప్పారు, ఆవిడ నమ్మింది. రోజుకో ముద్ర చొప్పున విరగ్గొడుతోంది. ఇందులో రాక్షసుడు ఉన్నాడు, డంజన్ (ప్రమాదాలు దాగిన నేలమాళిగ) ఉంది, గడువు ఉంది. కత్తితో తెగని చిక్కు కూడా ఉంది: ఆవిణ్ని ఏం చేయాలి? నాలుగైదు సెషన్లకి సరిపడా సరుకు ఇందులోనే వచ్చేసింది.

ముందు ప్రపంచం మొత్తం మ్యాపుతో సహా తయారుచేసుకోవాలా?

అక్కర్లేదు. మొదటి సెషన్‌కి ఒక ఊరు, ఊరికి పూట నడకలో ఒక ప్రమాదకరమైన చోటు, ఊళ్లో తిరిగే మూడు పుకార్లు చాలు. పుకార్లలో ఒకటి నిజం, ఒకటి సగం నిజం, ఒకటి శుద్ధ అబద్ధం అయితే ఇంకా మంచిది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అచ్చయింది. దానికి ముందే, దాన్ని తయారుచేసిన ఇద్దరిలో డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్, గ్యారీ గైగాక్స్ నడిపిన గ్రేహాక్ క్యాంపెయిన్లు కూడా ఒక కోట, దాని కింద నేలమాళిగలు అన్నంత ఇరుకుగా మొదలై, ఆడేకొద్దీ పెరిగినవే. మ్యాపు గీయడం సరదా అయితే హాయిగా గీసుకోండి. కాకపోతే నాలుగు రాత్రులు నదుల పేర్లు పెడుతూ కూర్చుని, కథ తయారైపోయిందని మాత్రం అనుకోకండి.

నాకు వచ్చే ఐడియాలన్నీ ఎక్కడో విన్నవే. కాపీ కొట్టినట్టు ఉండదా?

టేబుల్ దగ్గర పాత కథకి ఒక లాభం ఉంది: అందరికీ వెంటనే అర్థమవుతుంది. దాన్ని ప్లేయర్లు ఎటు తిప్పుతారో మాత్రం ఎవరికీ తెలియదు, కొత్తదనం అక్కడి నుంచే వస్తుంది.

ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలక, ఆ చిలకలో రాక్షసుడి ప్రాణం. ఈ కథ వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. ప్రాణాన్ని వేరే వస్తువులో దాచుకునే లిచ్ (చచ్చినా చావని మాంత్రికుడు) కూడా ఈ బాపతే. ఇప్పుడు ఒక్కటి మార్చి చూడండి: చిలకకి మాటలొచ్చు, తన సంగతి తనకి తెలుసు, చావడం దానికి ఇష్టం లేదు. సముద్రాలు దాటి వచ్చిన వీరులు ఇప్పుడేం చేస్తారు? పాత కథలో నోరు లేని పాత్రకి నోరివ్వడం అనే ఈ చిట్కా చాలా కథలకి పనిచేస్తుంది. నిధికి కాపలా ఉన్న పాము ఏమంటుంది? ఎత్తుకుపోయిన రాకుమారికి అసలు ఇంటికి తిరిగి రావాలని ఉందా?

డైస్ వేసి, పట్టికలు చూసి కథ పుట్టించడం నిజంగా కుదురుతుందా?

కుదురుతుంది. మన బుర్ర ఎప్పుడూ తొక్కే దారిలోంచి పక్కకి లాగుతుంది కూడా. మూడు పట్టికలు రాసుకోండి: ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం. ఒక్కోదానిలో ఆరేసి వరసలు. ఆరు ముఖాల డైస్ మూడుసార్లు వేస్తే 216 కలయికలు.

పడినవి ఇవి అనుకుందాం: పన్నులు వసూలు చేసే అధికారి, చనిపోయినవాడితో మాట్లాడాలి, నది పొంగింది. విడివిడిగా చూస్తే పొంతన లేదు. ఇక్కడి నుంచి ‘ఎందుకు’ అని అడుగుతూ పోవాలి. చచ్చినవాడితో అధికారికి ఏం పని? ఆ చచ్చినవాడు అతని గుమాస్తా. అసలు లెక్కల పుస్తకం ఎక్కడ దాచాడో చెప్పకుండానే పోయాడు. నదితో ఏం అడ్డం? శ్మశానం అవతలి ఒడ్డున ఉంది, వారం దాటితే ఆత్మ పలకదు. పుస్తకంలో ఏముంది? ఖజానాకి చేరని పన్ను ఎవరి ఇంటికి చేరిందో ఉంది. అధికారి ప్లేయర్లకి డబ్బిచ్చి నది దాటమంటాడు. పుస్తకం చేతికి రాగానే తగలబెట్టాలని అతని ప్లాన్. గుమాస్తా ఆత్మ ఆ మాట చెబుతుందా, లేక దానికీ ఏదైనా కావాలా అన్నది మీ ఇష్టం.

పట్టిక రాసేటప్పుడు చిన్న లెక్క గుర్తుంచుకోండి. రెండు డైస్ కలిపి వేస్తే 7 పడే అవకాశం 36లో 6. 2 పడే అవకాశం 36లో 1, 12కీ అంతే. కాబట్టి మామూలు సంగతులు మధ్యలో, విడ్డూరాలు రెండు చివర్లలో పెట్టాలి. పడింది నచ్చకపోతే మళ్లీ వేయండి, ఎవరు చూడొచ్చారు?

ఏఐని అడిగితే ప్లాట్ ఇచ్చేస్తుంది కదా, ఇదంతా ఎందుకు?

పేర్లకీ, పుకార్లకీ, సత్రంలో తగిలే ముప్పై మంది మనుషులకీ బాగా పనికొస్తుంది. ప్లాట్ అడిగితే మాత్రం మొదట వచ్చేది సాధారణంగా అందరికీ తట్టేదే: శపించిన అడవి, పోయిన కిరీటం, ద్రోహి అయిన సలహాదారు. ఇరవై అడిగి, పద్దెనిమిది కొట్టేసి, మిగిలిన రెంటినీ మీ ప్లేయర్ల క్యారెక్టర్లకి ముడిపెట్టండి. ఆ ముడి వేయాల్సింది మీరే, ఎందుకంటే ఆ టేబుల్ చుట్టూ ఎవరు కూర్చుంటారో తెలిసింది మీకే.

## ఐడియా ఉంది, కథగా మారట్లేదు

ఐడియాకీ ప్లాట్‌కీ తేడా ఏంటి?

‘కొండ గుహలో డ్రాగన్ ఉంది’ అన్నది ఐడియా. వందేళ్లయినా అది అక్కడే ఉంటుంది, వెళ్లకపోతే కొంప మునిగేదేమీ లేదు.

‘డ్రాగన్ గుడ్లు పొదుగుతోంది, ఊరి జోలికి రాకుండా ఊరిపెద్ద చాటుగా పశువుల్ని పంపుతున్నాడు, మందలో ఇంక మూడే మిగిలాయి’ అంటే ప్లాట్ మొదలైంది. కాలం నడుస్తోంది, ఎవరో ఏదో దాస్తున్నారు, ఊరుకుంటే పరిస్థితి చెడుతుంది. మీ ఐడియాకి గడువు పెట్టండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

కథ మొత్తం మొదటి నుంచి చివరిదాకా ముందే రాసుకోవాలా?

వద్దు. హీరోలు ఏం చేస్తారో మీరు రాసుకుంటే, టేబుల్ దగ్గర వాళ్లు చేయడానికి ఏమీ మిగలదు. హీరోలు అసలు ఆ ఊరికే రాకపోతే ఏం జరుగుతుందో రాసుకోండి. దీన్నే అపోకలిప్స్ వరల్డ్ (2010) అనే ఆట ఫ్రంట్స్ పేరుతో పద్ధతిగా చేసింది, ఆ తర్వాత చాలా ఆటలు అందిపుచ్చుకున్నాయి.

ఒక మంత్రగత్తె పెద్ద సరస్సుని గడ్డకట్టించాలని చూస్తోందనుకుందాం. అప్పుడు రాసుకోవాల్సింది ఇంతే:

మొదట ఒడ్డున చేపలు చచ్చి తేలుతాయి. తర్వాత నడి వేసవిలో తెల్లవారుజామున నీటి మీద మంచు పొర కనిపిస్తుంది. ఆపైన రేవు మూతపడి, ఊరికి పడవల్లో వచ్చే ధాన్యం ఆగిపోతుంది, భయపడిన దొర ఆవిడతో బేరానికి దిగుతాడు. చివరికి సరస్సంతా గట్టిపడి, అవతలి ఒడ్డున కాచుకుని ఉన్న సైన్యం దాని మీదుగా నడిచి వస్తుంది.

నాలుగు మెట్లు. ప్లేయర్లు ఏ మెట్టు దగ్గర తలదూర్చినా అక్కడి నుంచి కథ వాళ్లది. దొరని కలుస్తారో, మంచు పగలగొడతారో, సైన్యంతో చేతులు కలుపుతారో మీరు ముందే తేల్చుకోనక్కర్లేదు. ఏ మెట్టు దాకా వచ్చారో గుర్తుంచుకోవడానికి ఒక గుండ్రం గీసి నాలుగు ముక్కలు చేసి, ఒక్కోటీ నింపుతూ పోండి. బ్లేడ్స్ ఇన్ ది డార్క్ ఆటలో ఇలాంటి వాటిని క్లాక్స్ అంటారు. గుండ్రాన్ని ప్లేయర్లకి కనిపించేలా టేబుల్ మీద పెడితే టెన్షన్ దానంతటదే పెరుగుతుంది.

విలన్ బలంగా ఉండాలంటే ఏం చేయాలి?

శక్తులు పెంచితే ఫైట్ మాత్రమే కష్టమవుతుంది. విలన్ చెప్పే కారణం విని ఒక్క ప్లేయరైనా ‘అతను చెప్పేదాంట్లో పాయింట్ ఉంది’ అనాలి. కరువులో ఊరిని బతికించడానికి పక్క ఊరి వానని మంత్రంతో లాక్కుంటున్న మాంత్రికురాలు, ‘లోకాన్ని చీకటిలో ముంచుతా’ అనేవాడి కంటే పది రెట్లు నయం.

రెండో సంగతి, విలన్ని చివరిదాకా దాచకండి. అతని మనుషులు, అతని ఉత్తరం, అతను తగలబెట్టిన ఇల్లు మొదటి రెండు సెషన్లలోనే ఎదురుపడాలి. విలన్నే ఎదురుగా తెచ్చారంటే అతను చచ్చినా పర్లేదనుకునే తేవాలి. తప్పించుకునేలా మీరు ఎన్ని ఏర్పాట్లు చేసినా, ఎవరో ఒకరు ఇరవై ముఖాల డైస్ మీద 20 వేస్తారు.

ప్రతి క్యాంపెయిన్ ప్రపంచాన్ని కాపాడే కథే అవ్వాలా?

అవ్వకపోతేనే నాకు ఇష్టం. లోకం నాశనమవుతుందంటే ప్లేయర్లు తలూపుతారు. వాళ్లకి రోజూ రొట్టె ఉచితంగా ఇచ్చే సత్రం యజమానిని ఎవరో ఈడ్చుకెళ్లారంటే కుర్చీల్లోంచి లేస్తారు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ కూడా 20 లెవల్స్‌ని ఇలాగే నాలుగు భాగాలు చేసింది: 1 నుంచి 4 వరకు స్థానిక వీరులు, 5 నుంచి 10 వరకు రాజ్యం స్థాయి, 17 దాటాకే లోకం మొత్తం వాళ్ల భుజాల మీద పడేది. మొదటి లెవల్‌లోనే ప్రళయం పెడితే పదో లెవల్‌కి ఏం పెడతారు?

ట్విస్ట్ పెట్టాను, ఎవరికీ అర్థం కాలేదు. ఎక్కడ తప్పు?

బహుశా క్లూలు తక్కువయ్యాయి. మీకు జవాబు తెలుసు కాబట్టి ఒక్క క్లూ చాలనిపిస్తుంది. అటు కూర్చున్నవాళ్లకి అది వంద వివరాల్లో ఒకటి. ప్లేయర్లు తేల్చుకోవాల్సిన ఒక్కో విషయానికి కనీసం మూడు క్లూలు వేయండి. ఒకటి చూడరు, ఒకటి తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు.

ఊరి వైద్యుడే తోడేలు మనిషి అనుకుందాం. అతని పనిముట్లలో ఒక్కటీ వెండిది లేదు. రోగుల చిట్టాలో ప్రతి పౌర్ణమి పేజీ ఖాళీ. ఊళ్లో కుక్కలు అతని వీధిలోకి రావు. మూడూ మూడు వేర్వేరు చోట్ల, మూడు రకాల పనులతో దొరకాలి: వెతికితే ఒకటి, చదివితే ఒకటి, ఎవరితోనైనా మాట్లాడితే ఒకటి. ప్లేయర్లు ముందే కనిపెట్టేస్తే ట్విస్ట్ పాడైందని దిగులు పడకండి. ‘నేను అప్పుడే చెప్పానా లేదా!’ అని అరిచే ఆనందం వాళ్లకి ఆశ్చర్యం కంటే ఎక్కువ.

## ప్లేయర్లని కథలోకి లాగే దశ

హుక్ (ప్లేయర్లని కథలోకి లాగే ఎర) వేస్తే ఎవరూ పట్టించుకోవట్లేదు. ఏం చేయాలి?

ముసలాయన వచ్చి ‘మా ఊరిని కాపాడండి’ అంటే, ‘మనకెందుకు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగే హక్కు వాళ్లకుంది. హుక్ క్యారెక్టర్‌కి తగలాలి: దొంగకి దొంగిలించిన సరుకు మీద గురువు గుర్తు కనిపించాలి, పూజారికి తన దేవుడి గుడి తలుపు లోపలి నుంచి మూసి ఉండాలి.

అదీ కుదరకపోతే హుక్ దశనే దాటేయండి. ‘మీరు పని ఒప్పుకున్నారు, సగం డబ్బు ఖర్చయిపోయింది, ఇప్పుడు గుహ ముందు నిలబడ్డారు. ఈ పని ఎందుకు ఒప్పుకున్నారో ఒక్కొక్కరూ చెప్పండి.’ కారణం వాళ్లే కల్పించుకుంటే మీరిచ్చే దానికంటే గట్టిగా పట్టుకుంటారు.

ఒకరు పది పేజీల బ్యాక్‌స్టోరీ ఇచ్చారు, ఇంకొకరు ‘నేను ఫైటర్‌ని’ అన్నారు. ఇద్దరితో ఒకే కథ ఎలా?

ఇద్దర్నీ అవే మూడు ప్రశ్నలు అడగండి. నువ్వు ఎవరికి రుణపడి ఉన్నావు? ఎవరిని ఎప్పటికీ క్షమించవు? ఎంత డబ్బిచ్చినా అమ్మనిది నీ దగ్గర ఏముంది? ఫైటర్ కూడా వీటికి నిమిషంలో జవాబిస్తాడు. పది పేజీల్లోంచి మీకు కావాల్సిందీ ఈ మూడే.

ఆ తర్వాత జవాబుల్ని కలపాలి. ఒకరు రుణపడిన మనిషి, ఇంకొకరు క్షమించలేని మనిషి ఒక్కరే అయితే? ఆ ఒక్క ఎన్పీసీ (ప్లేయర్లు కాకుండా మీరు ఆడించే పాత్ర) చుట్టూ ఆరు సెషన్లు తిరుగుతాయి. ఇలా కలిపేముందు ఇద్దరి అనుమతీ అడగండి, ఎందుకంటే కొందరికి తమ బ్యాక్‌స్టోరీ మీద చేయి వేస్తే నచ్చదు.

అందరూ సత్రంలోనే కలవాలా?

కలవచ్చు, కొంప మునగదు. కానీ ఒకరికొకరు ముందే తెలిసి ఉంటే మొదటి గంట మొహమాటాలు తప్పుతాయి. సెషన్ జీరోలో (ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్) ఒక్కొక్కరినీ పక్కవాళ్ల గురించి ఒక వాక్యం చెప్పమనండి: ‘ఇతను ఒకసారి నన్ను జైలు నుంచి తప్పించాడు.’ ఎందుకు జైల్లో పడ్డారన్నది మీకు ఉచితంగా దొరికిన ప్లాట్.

భయానకమైన, బాధపెట్టే విషయాలు కథలో పెట్టొచ్చా?

ముందు అడిగి పెట్టండి. సెషన్ జీరోలో రెండు జాబితాలు రాసుకుంటారు: అసలు రాకూడనివి, వచ్చినా తెర వెనకే జరగాల్సినవి. వీటిని లైన్స్, వెయిల్స్ అంటారు. ఆట మధ్యలో ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే కారణం చెప్పకుండానే ఆపమనే వీలుండాలి. పసిపిల్లలకి హాని, సాలెపురుగులు, ఏదైనా కావచ్చు. ‘ఇది కూడా భయమేనా’ అనకండి. తీసేసినంత మాత్రాన కథకి కరువు రాదు.

## ఆట నడుస్తుండగా

ప్లేయర్లు నేను కలలో కూడా అనుకోని దారి పట్టారు. ఇప్పుడెలా?

ఒక ఐదు నిమిషాలు బ్రేక్ అడగండి, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఆ ఐదు నిమిషాల్లో ఒక్కటే ఆలోచించండి: వీళ్లు ఇలా చేశారని తెలిస్తే విలన్ ఏం చేస్తాడు? జవాబు దొరికితే తర్వాతి సీన్ దొరికినట్టే. వాడని పేర్ల జాబితా ఒకటి చేతిలో ఉంచుకోండి. ‘ఈ గుర్రాలవాడి పేరేంటి?’ అని అడిగినప్పుడు తడబడకపోతే, అతను మొదటి నుంచీ ఉన్నాడనే అనుకుంటారు.

ఇంకో అలవాటు కూడా చేసుకోండి. ప్రతి సెషన్ చివర ‘వచ్చేసారి ఎటు వెళ్దామనుకుంటున్నారు?’ అని అడగండి. వాళ్లు ఎటు వెళ్తారో అంతవరకే తయారుచేసుకుంటే సరిపోతుంది.

ప్లేయర్లు ఊహించింది నేను రాసుకున్నదానికంటే బాగుంది. మార్చేయొచ్చా?

ఇంకా టేబుల్ మీద చెప్పని విషయమైతే నిరభ్యంతరంగా మార్చండి. మీ నోట్‌బుక్‌లో ఉన్నది టేబుల్ మీదకి వచ్చేదాకా నిజం కాదు. అయితే హత్య ఎవరు చేశారు లాంటి పరిశోధన కథలో మార్చకూడదని నా అభిప్రాయం. ఇచ్చిన క్లూలు ఒకవైపు చూపిస్తుంటే జవాబు మరోవైపుకి జరిపితే, వాళ్లు తలబద్దలు కొట్టుకున్నదంతా వృథా. పైగా ఎప్పుడో ఒకప్పుడు పసిగడతారు.

విలన్‌ని మూడో సెషన్‌లోనే చంపేశారు!

చావనివ్వండి. మంత్రంతో లేపుకొస్తే గెలుపుని లాక్కున్నట్టు ఉంటుంది. అతను పోయాక ఖాళీ అయిన కుర్చీ ఎవరిది? అతని భయంతో ఇన్నాళ్లూ అణిగి ఉన్నది ఏది? జీతం అందని సైనికులు ఏ ఊరి మీద పడతారు? మొదటి విలన్ కంటే ఈ మూడింటిలో ఏదైనా మంచి కథే.

సగం క్యాంపెయిన్‌లో ఐడియాలు అయిపోయాయి. ఎక్కడ వెతకాలి?

మీ పాత నోట్స్‌లో. ప్లేయర్లు వదిలేసిన ఖైదీ, అప్పు తీర్చని వ్యాపారి, తెరవని మూడో తలుపు, పేరు మాత్రమే చెప్పిన రాణి: ఇలాంటివి వెతికితే కుప్పలుగా ఉంటాయి. తర్వాత గత మూడు విజయాలు రాసి, ఒక్కోదాని పక్కన ‘దీనివల్ల ఎవరికి నష్టం?’ అని రాయండి. గోబ్లిన్లని తరిమేశారు సరే, ఆ గోబ్లిన్లు ఇప్పుడు ఎవరి పొలాల్లో ఉన్నారు? కొత్త కథ కోసం బయటికి పోనక్కర్లేదు, ప్లేయర్లు చేసిన పనే తిరిగి తలుపు తడుతుంది.

ప్రతిసారీ ఎవరో ఒకరు రారు. పెద్ద కథ ఎలా నడపను?

ఒక్కో సెషన్ ఊరి నుంచి బయల్దేరి ఊరికే తిరిగొచ్చేలా పెట్టండి. చుట్టూ తెలియని ప్రాంతం, ఎవరొస్తే వాళ్లు వెళ్తారు, చూసినదాన్ని ఉమ్మడి మ్యాపు మీద గీస్తారు. ఈ పద్ధతి వెస్ట్ మార్చెస్ పేరుతో ప్రసిద్ధి. ఇందులో రహస్యాలు చోట్లలో దాగుంటాయి కాబట్టి, మనిషి రానంత మాత్రాన కథ ఆగదు.

క్యాంపెయిన్‌ని ఎప్పుడు, ఎలా ముగించాలి?

మొదట్లో కథ ఏ ప్రశ్న అడిగిందో దానికి జవాబు దొరికినప్పుడు. వారసుడు సింహాసనం ఎక్కాడా? శాపం తీరిందా? తీరాక ఇంకో పది సెషన్లు సాగదీస్తే జనం ఒక్కొక్కరే తగ్గిపోతారు. ఇంకో మూడు సెషన్లలో అయిపోతుందని ముందే చెప్పేయండి. దాచుకున్న మంత్రాలు, డబ్బు, పగలు అన్నీ అప్పుడు బయటికొస్తాయి.

చివరి ఫైట్ తర్వాత పావుగంట మిగుల్చుకుని, ఏడాది తర్వాత తన క్యారెక్టర్ ఎక్కడుందో ఒక్కొక్కరినీ చెప్పమనండి. ఆ మాటలు రాసి పెట్టుకోండి. యాభై ఏళ్ల తర్వాత అదే లోకంలో కొత్త క్యాంపెయిన్ పెడితే ఊళ్ల పేర్లు, విగ్రహాలు, తీరని పగలు అందులోంచే తీసుకోవచ్చు.